కార్డు ఉండీ కట్టుకోవలసిన బిల్లు

ఖరగ్‌పూర్ పేరు వినగానే చాలామందికి అక్కడి పొడవైన ప్లాట్‌ఫారం జ్ఞాపకం వస్తుంది. 1072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం చాలా కాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని దాటిపోయాయి. మన తెలుగువారికి మాత్రం ఆ పట్టణమంటే నిమ్‌పురా, మథురాకాటి, ఝపటాపూర్ వంటి పేటలు. 1902లో వాల్తేరు–కటక్ మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరింది. ఆ దారి వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల శ్రామికులు వర్క్‌షాపు పనికీ, లోకో షెడ్డు పనికీ తరలివెళ్లారు. వి.వి. గిరిగారు 1920లలో సంఘ నిర్మాణం చేసినది ఈ రైల్వే కార్మికుల మధ్యనే. ఆనాడు వెళ్లిన వారి మునిమనుమలు నేడు ఇంట తెలుగు, అంగడిలో బెంగాలీ, పనిచోట హిందీ మాట్లాడుతూ జీవిస్తున్నారు.

ఝపటాపూర్‌కు ఒక ప్రత్యేకత కలదు. రైల్వే క్వార్టరులో ముప్ఫై, నలభై ఏళ్లు కాపురముండి, పదవీ విరమణ నాడు తాళం చెవి అప్పగించిన కుటుంబాలు కొన్ని ఈ పరిసరాలలోనే చిన్న ఇల్లు కట్టుకొని నిలిచిపోయాయి. వారి పిల్లలలో కొందరు రైల్వేలో చేరారు, కొందరు మన వంటి ప్రభుత్వ రంగ సంస్థలకు వచ్చారు. అందువల్ల ఒకే కుటుంబంలో తండ్రికి రైల్వే వైద్య కార్డు, కొడుకుకు మన సంస్థ వైద్య కార్డు ఉండటం అక్కడ సాధారణం. రెండు కార్డులున్న ఇంటికి ఆసుపత్రి బిల్లు భయం ఏమిటని ఎవరికైనా తోస్తుంది. ఈ వ్యాసం ఆ సందేహం గురించే.

మేమెరిగిన ఒక కుటుంబం సంగతి చెప్పుతాము. పేర్లు అనవసరం. తండ్రిగారు వర్క్‌షాపులో టెక్నీషియనుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు, డెబ్బై దాటిన మనిషి. కుమారుడు మన సహోద్యోగి. ఒక వర్షాకాలపు రాత్రి, హౌరా సమీపాన బంధువుల ఇంట పెళ్లి పనులలో ఉండగా పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రి అక్కడికి వంద కిలోమీటర్ల పైమాట. గార్డెన్ రీచ్‌లోని సెంట్రల్ ఆసుపత్రికి వెళ్లాలన్నా నది దాటాలి. ఇంటివారు పది నిమిషాలలో చేరగలిగిన ప్రైవేటు ఆసుపత్రికి తీసుకొనిపోయారు. తెల్లవారేలోగా ఆంజియోప్లాస్టీ జరిగి ఒక స్టెంటు వేశారు. ప్రాణం దక్కింది. అయిదవ రోజున చేతికి వచ్చిన బిల్లు రెండు లక్షల ఎనభై వేల రూపాయల పైచిలుకు.

ఆ ఆసుపత్రి రైల్వే ప్యానెల్‌లో లేదు. కనుక రైల్వే కార్డు కౌంటరు దగ్గర పని చేయలేదు. కుమారుడు మన సంస్థ వైద్య విభాగానికి ఫోన్ చేయగా, తండ్రిగారు ఆధారితుల జాబితాలో లేరని జవాబు వచ్చింది. పింఛను ఆదాయ పరిమితిని మించినందున చాలా సంవత్సరాల క్రితమే ఆ పేరు తొలగిపోయింది. ఇక మిగిలినది కుమారుడు సొంతంగా తీసుకొన్న ఆరోగ్య బీమా పాలసీ. అందులో తల్లిదండ్రులను చేర్చలేదు. మూడు తలుపులు తట్టారు, మూడూ మూసే ఉన్నాయి. “నా కోసం అప్పు చేయకు బాబూ, ఇంటి కాగితాలున్నాయి కదా” అన్నారట తండ్రిగారు మంచం మీద నుంచి. “ముందు మీరు లేచి కూర్చోండి నాన్నగారూ, కాగితాల సంగతి తరువాత చూద్దాం” అని కుమారుడు సమాధానం చెప్పినాడు. ఆ కుటుంబంలో తరువాత ఆసరాగా నిలిచినది నిజంగానే కాగితాలు. అయితే అవి ఇంటి కాగితాలు కావు, ఆసుపత్రి కాగితాలు.

తలుపులు ఎందుకు మూసుకొన్నాయి

ఈ మూడు తిరస్కారాలలో ఏదీ అన్యాయంగా పుట్టినది కాదు. ఒక్కొక్క నిబంధనకూ దాని కారణం దానికి ఉన్నది. చిక్కల్లా ఒకదాని అంచుకూ మరొకదాని అంచుకూ మధ్య ఉన్న సందులోనే.

రైల్వే విషయం ముందుగా చూద్దాం. విశ్రాంత రైల్వే ఉద్యోగులకు వైద్య సౌకర్యం ‘రిటైర్డ్ ఎంప్లాయీస్ లిబరలైజ్డ్ హెల్త్ స్కీం’ ద్వారా లభిస్తున్నది. ఇప్పటి రూపంలో ఇది 1997 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. పదవీ విరమణ సమయాన ఒకసారి కొంత మొత్తం చెల్లించి చేరవలసిన పథకమిది. గ్రాట్యుటీ చేతికి వచ్చే వేళ, అమ్మాయి పెళ్లి, ఇంటి కప్పు అని నూరు ఖర్చులు ఎదురు నిలుస్తాయి. ఆ హడావిడిలో ఈ చందా వాయిదా వేయుట సులభం, దాని మూల్యం డెబ్బయ్యవ ఏట తెలుస్తుంది. మన పెద్దాయన ఆ చందా కట్టినవారు కావడం ఆ కుటుంబపు అదృష్టం. అయినా పథకం మూలసూత్రం వైద్యం రైల్వే ఆసుపత్రిలో లేదా రైల్వే పంపిన ఆసుపత్రిలో జరగాలన్నదే. ఇతర చోట సొంతంగా చేరితే సాధారణంగా ఖర్చు ఇవ్వరు. అయితే ప్రాణాపాయ పరిస్థితికి మినహాయింపు ఉన్నది. దానిని తరువాత రాయించుకొని, రుజువు చేసుకొని, దరఖాస్తు పెట్టుకోవాలి. కౌంటరు దగ్గర ‘వర్తించదు’ అన్నారంటే ‘నగదు రహితంగా వర్తించదు’ అని మాత్రమే అర్థం. ఈ తేడాను తెల్లవారుజామున నాలుగింటికి విడమరచి చెప్పేవారు ఆసుపత్రులలో ఉండరు.

ఆదాయ పరిమితి మాట కూడా అంతే. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఆధారితులుగా గుర్తింపు పొందడానికి నెలకు 9,000 రూపాయలు, దానిపై కరవు భత్యం పరిమితి. పలు సంస్థల నిబంధనలు ఇదే మార్గంలో నడుస్తాయి. 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వ కనీస పింఛను కూడా సరిగా 9,000 రూపాయలే. కనీస పింఛను కంటే ఏ కొంచెం ఎక్కువ వచ్చినా తండ్రి ‘ఆధారితుడు’ కాకుండా పోతాడు. జీవితమంతా సుత్తీ స్పానరూ పట్టిన చేతికి పింఛను వస్తున్నది కనుక ఆ చేయి ఎవరిపైనా ఆధారపడదని లెక్క. లెక్క సరియైనదే, కానీ ఆ పింఛనులో రెండు లక్షల ఎనభై వేలు ఇమడవు.

న్యాయస్థానం ఏమన్నది

బెంగాల్‌లో మొదలై దేశమంతటికీ ప్రమాణమైన ఒక వ్యాజ్యం రైలుతోనే ముడిపడి ఉన్నది. 1992 జూలై 8 రాత్రి మథురాపూర్ స్టేషనులో హకీం షేక్ అనే వ్యవసాయ కార్మికుడు రైలు నుంచి పడి తలకు తీవ్ర గాయమైంది. కలకత్తాలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులకు ఒకదాని వెంట ఒకదానికి తిప్పారు. ఒక చోట సౌకర్యం లేదన్నారు, ఒక చోట మంచం ఖాళీ లేదన్నారు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో చేరి సుమారు 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకోవలసి వచ్చింది. ‘పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి’ పేరిట నడిచిన ఆ కేసులో సుప్రీంకోర్టు 1996 మే 6న తీర్పు ఇచ్చింది. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని చెప్పి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ప్రభుత్వ ఆసుపత్రి తలుపు మూసినందువల్ల ప్రైవేటు బిల్లు కట్టుకొన్న సామాన్యుని గోడు అంత ఎత్తుకు చేరడం విశేషం.

మన పెద్దాయన పరిస్థితికి మరింత దగ్గరగా ఉన్నది 2018 ఏప్రిల్ 13 నాటి శివకాంత్ ఝా కేసు. ఆయన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో సభ్యులైన విశ్రాంత అధికారి. జాబితాలో లేని ఆసుపత్రిలో అత్యవసరంగా చికిత్స పొందారు, బిల్లులో చాలా భాగం తిరస్కరింపబడింది. ఆసుపత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో క్లెయిమును కాదనరాదని, చికిత్స నిజంగా జరిగిందా, వైద్యులు దానిని ధ్రువీకరించారా, పత్రాలు ఉన్నాయా అన్నదే పరీక్ష అని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇప్పించిన మొత్తం ఆ ఒక్క కేసుకే పరిమితమని అన్నప్పటికీ, ఆ పరీక్ష మాత్రం ప్రతి పింఛనుదారునికీ ఉపయోగపడే ఆయుధం.

ఇక్కడ ఒక్కమాట. పాఠకులు ఈ తీర్పులు చదివి పూర్తి బిల్లు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోరాదు. 1998లో పంజాబ్ రాష్ట్రం – రామ్ లుభాయా బగ్గా కేసులో, ప్రభుత్వం తన స్తోమతకు తగినట్లు చెల్లింపు రేట్లకు పరిమితి పెట్టుకోవచ్చునని అదే న్యాయస్థానం ఒప్పుకొన్నది. రైల్వే కూడా ఇటువంటి క్లెయిములను కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం రేట్ల ప్రకారమే లెక్క కడుతుంది. ఆ రేట్లు దశాబ్దానికి పైగా పెద్దగా కదలలేదు. 2025 అక్టోబరు 13 నుంచి సుమారు రెండు వేల చికిత్సలకు సవరించారు. సవరించినా, ప్రైవేటు ఆసుపత్రి బిల్లుకూ ఆ రేటుకూ మధ్య తేడా ఉండక తప్పదు. ఆ తేడాయే కుటుంబం మోయవలసిన అసలు భారం. మిగిలినది రావలసిన సొమ్ము, రాబట్టుకోవలసిన సొమ్ము.

కాగితాల సంచి

మన సహోద్యోగి కుటుంబంలో ముందుచూపు గలది ఆయన మేనత్త. ఆమె పెద్ద చదువు చదువుకోలేదు. అయితే తన భర్త ఉద్యోగ విరమణ సమయంలో సెటిల్‌మెంటు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవం ఆమెకు ఉన్నది. ఆసుపత్రిలో ఇచ్చిన ప్రతి చీటీని పెళ్లి బట్టలు తెచ్చిన గుడ్డ సంచిలో వేసి ఉంచినది. ఆ సంచిలో ఉన్నవేమిటో, లేనివేమిటో చెప్పుకోవడం పాఠకులకు అన్నిటికన్నా ఉపయోగకరం.

డిశ్చార్జి సమ్మరీ ఉన్నది. మందుల దుకాణపు అసలు బిల్లులు ఉన్నాయి. డబ్బు కట్టిన రసీదులు ఉన్నాయి. లేనివి రెండు. మొదటిది, రోగిని ఏ స్థితిలో తెచ్చారో, వెంటనే చికిత్స చేయకుంటే ఏమయ్యేదో వైద్యుడు సంతకంతో రాసి ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్. రెండవది, స్టెంటు పెట్టె మీది స్టిక్కరు. సంఖ్య, తయారీ వివరాలు గల ఆ చిన్న కాగితం ముక్క లేకపోతే స్టెంటు వేసినట్లు రుజువు లేనట్లే. క్లెయిము దాఖలు చేసిన తరువాత సంబంధిత కార్యాలయం ఈ రెండూ కావాలని కోరింది. కోరడం సమంజసమే, లెక్కల తనిఖీకి జవాబు చెప్పవలసినవారు వారే. మన సహోద్యోగి సెలవు పెట్టి మళ్లీ హౌరా వెళ్లవలసి వచ్చింది. నాలుగు నెలలైనా రికార్డులు ఆసుపత్రిలో ఉండటం వల్ల పని జరిగింది. వైద్య వృత్తి నియమావళి, 2002 ప్రకారం చికిత్స రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి, రోగి గాని అతని తరఫువారు గాని అడిగినప్పుడు 72 గంటలలో ఇవ్వాలి. నోటిమాటగా కాక, రాతపూర్వకంగా అడిగి అందినట్లు సంతకం తీసుకోవాలి.

ఇవి కాక, రోగి చేరిన మర్నాడే సమీప రైల్వే ఆసుపత్రికి, లేదా మన సంస్థ ఉద్యోగి అయితే మన వైద్య విభాగానికి, సమాచారం పంపడం చాలా అవసరం. తరువాత ‘ఎందుకు తెలియజేయలేదు’ అన్న ప్రశ్నకు అదే జవాబు. పరిస్థితి కుదుటపడ్డాక ప్యానెల్ ఆసుపత్రికి తరలించడానికి వీలున్నదా అని కూడా వైద్యుని అడగాలి. తరలించకూడదని వైద్యుడు అంటే ఆ మాటను కూడా రాయించుకోవాలి.

బిల్లును చదవడం

మనవారిలో కూరగాయల చీటీని రెండుసార్లు సరిచూసుకొనేవారు కూడా ఆసుపత్రి బిల్లును కళ్లు మూసుకొని కడతారు. ప్రాణం పోసిన చోట లెక్క అడగడం అమర్యాద అని కాబోలు. కానీ అంశాలవారీ బిల్లు కోరడం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనే ఉన్నది. స్టెంటు ధరకు ప్రభుత్వ పరిమితి కలదు. 2017 ఫిబ్రవరిలో మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించారు. అంతకు ముందు అదే వస్తువుకు లక్ష రూపాయలకు పైగా వసూలైన సందర్భాలు ఉన్నాయి. ఆ పరిమితిని తరువాత టోకు ధరల సూచీని బట్టి సవరిస్తూ వచ్చారు. బిల్లులోని అంకెను ఆనాటి పరిమితితో పోల్చి చూడటానికి అయిదు నిమిషాలు చాలు. మన సహోద్యోగి అలా చూసినప్పుడు స్టెంటు ధర సరిగానే ఉన్నది గానీ, ఒకే రక్త పరీక్ష ఒకే రోజున రెండుసార్లు లెక్కకు వచ్చినట్లు తేలింది. మర్యాదగా అడిగితే తగ్గించారు.

పశ్చిమ బెంగాల్‌లో 2017 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద ఒక నియంత్రణ కమిషన్ ఏర్పడింది. ప్రైవేటు ఆసుపత్రి అధిక బిల్లులపై రోగి కుటుంబం అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలలో ఈ సంగతి తెలిసినవారు మాకు ఎక్కువగా తారసపడలేదు.

బీమా ఉన్నవారికి

మన సంస్థ పథకానికి వెలుపల సొంత బీమా పాలసీ ఉన్నవారు ‘గది అద్దె పరిమితి’ అన్న షరతును చూసుకోవాలి. ఒక లెక్క చెప్పుతాము. పాలసీలో రోజుకు 5,000 రూపాయల గది అనుమతించారు. మనం 8,000 రూపాయల గదిలో నాలుగు రోజులు ఉన్నాము. తేడా 12,000 రూపాయలు మాత్రమే అనుకొంటాము. కాని వైద్యుని ఫీజు, ఆపరేషన్ థియేటరు వంటి ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో, అనగా ఎనిమిదింట అయిదు వంతులకు, కుదించవచ్చు. అవి 1,60,000 రూపాయలైతే చేతికి వచ్చేది లక్ష. అరవై వేలు జేబులోనివే. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ ఖర్చులకు ఈ కోత వేయరాదని బీమా నియంత్రణ సంస్థ 2020లోనే ఆదేశించింది. కోత పడిన చోట ఇది సరిచూడాలి.

క్లెయిము తిరస్కరించినట్లయితే కారణాన్ని పాలసీలోని షరతు సంఖ్యతో సహా రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి. 2024 నుంచి కంపెనీలోని క్లెయిముల సమీక్షా సంఘం చూడకుండా తిరస్కరించడానికి వీలులేదు. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిచిన తరువాత, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు దాచారనే సాకు చెల్లదు. అప్పటికీ తృప్తి కలగకపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. పశ్చిమ బెంగాల్ వారికి కలకత్తాలో, తెలుగు రాష్ట్రాల వారికి హైదరాబాదులో కార్యాలయం. రుసుము లేదు, వకీలు అవసరం లేదు, గడువు మాత్రం కంపెనీ తుది జవాబు వచ్చిన నాటి నుంచి ఒక్క సంవత్సరం. రైల్వే పథకం గాని సంస్థల సొంత వైద్య పథకం గాని బీమా కాదు కనుక ఆ తగవులు అంబుడ్స్‌మన్ పరిధిలోకి రావు. అక్కడ శాఖాపరమైన అప్పీలు, పింఛను అదాలత్, సమాచార హక్కు దరఖాస్తు, చివరి మెట్టుగా కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ మార్గాలు.

ఆ రాత్రికి డబ్బు

తిరిగి వచ్చే సొమ్ము నెలల తరువాత వస్తుంది, ఆసుపత్రి మాత్రం ఆనాడే అడుగుతుంది. ఈ నడుమ దూరాన్ని దాటడంలోనే కుటుంబాలు దెబ్బతింటున్నాయి. ఝపటాపూర్ ప్రాంతంలో తరచు వినవచ్చే మాట నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీ. ఏడాదికి అది అరవై శాతం. అటువంటి అప్పు తెచ్చి బిల్లు కట్టి, పదకొండు నెలల తరువాత సగం క్లెయిము పుచ్చుకొంటే, వచ్చినదంతా వడ్డీకే పోతుంది. మన ఉద్యోగులకు ఇంతకన్నా మేలైన దారులు ఉన్నాయి. ప్రావిడెంట్ ఫండ్ నుంచి స్వంత వైద్యానికి గాని కుటుంబ సభ్యుల వైద్యానికి గాని తీసుకొనే అడ్వాన్సుకు వడ్డీ లేదు, తిరిగి కట్టనవసరం లేదు. అయితే అది వృద్ధాప్యపు సొమ్మన్నది మరువరాదు. కో-ఆపరేటివ్ క్రెడిట్ సొసైటీ రుణం రెండవది. మన సహోద్యోగి సొసైటీ రుణంతో లక్షన్నర, బావగారి దగ్గర చేబదులుగా మరికొంత సర్ది బిల్లు చెల్లించినాడు. ఇంటి కాగితాలు బీరువా దాటి బయటకు రాలేదు. పదకొండవ నెలలో బిల్లులో సగానికి కొంచెం పైగా తిరిగి వచ్చింది. మిగిలినది ఇరవై నాలుగు వాయిదాలుగా జీతంలో కోత పడుతున్నది.

మరొక విషయం ఇంటి స్త్రీలను ఉద్దేశించి రాస్తున్నాము. పింఛను కాగితాలు, వైద్య కార్డులు చాలా ఇళ్లలో పెద్దాయన పేటికలోనే ఉంటాయి. ఆయనే మంచాన పడిననాడు తాళం చెవి ఎక్కడున్నదో ఎవరికీ తెలియదు. రైల్వే ఇప్పుడు కుటుంబంలో ప్రతి ఒక్కరికీ ‘యూమిడ్’ అనే వైద్య గుర్తింపు సంఖ్యను విడిగా ఇస్తున్నది. భార్య కార్డు భార్య చేతి సంచిలో ఉండాలి. కార్డుల నకళ్లు, పింఛను ఉత్తర్వు నకలు, వాడే మందుల చీటీ, రక్త వర్గం, సమీప రైల్వే ఆసుపత్రి ఫోను సంఖ్య, సమీపంలోని ప్యానెల్ ఆసుపత్రుల పేర్లు – ఇవన్నీ ఒక కవరులో పెట్టి, ఊరు వెళ్లేటప్పుడు పెట్టెలో బట్టల మీదనే ఉంచాలి. ప్యానెల్ జాబితా ఏటేటా మారుతూ ఉంటుంది కనుక సంక్రాంతికి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు కొత్త జాబితా రాయించుకొని, పాతది చించివేయాలి.